తెడ్డు, తెరచాప, డీజిలు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల శ్రోతలకు సముద్రపు వేటపడవల ముచ్చట ఏలయని తోచవచ్చును. ఈ సీమకు సముద్రము లేదు. కాని చేపల వేట కొత్త గాదు. బయ్యారము చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దమున త్రవ్వించెను. గణపురములోని గణపసముద్రమును కాకతీయుల నాటిదే. పంటలకై వెలసిన ఇట్టి చెరువులలోనే మత్స్యకారులు తరతరములుగా వల వేయుచున్నారు. తెప్పకు తెడ్డు చాలును. యంత్రముతో పని లేదు.

ఒకప్పుడు విశాఖ, కాకినాడ తీరములందును ఇదే తీరు. తెప్పలు, నావలు తెడ్డుతోను, తెరచాపతోను సాగినవి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వములు యంత్రపు పడవలను ప్రోత్సహించినవి. శ్రమ తగ్గినది, దిగుబడి పెరిగినది. వాటితోపాటు డీజిలు ఖర్చును పెరిగినది. ఆ భారము తగ్గించుటకు రాయితీ వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2019లో అది లీటరుకు 6 రూపాయల 3 పైసలనుండి 9 రూపాయలకు పెరిగినది. జాలరికి ఇది ఊరటయే. కాని లీటరు డీజిలు కాలినచో రెండున్నర కిలోలకు మించి బొగ్గుపులుసు వాయువు వెలువడును. ధర తగ్గినంతమాత్రమున పొగ తగ్గదు. రాయితీని ఒక్కసారిగా తీసివేసినచో చిన్నపడవవాడే ముందు చితికిపోవును.

మరి జాలరి పొట్ట కొట్టక పొగ తగ్గించుట యెట్లు? రెండు మార్గములు కానవచ్చుచున్నవి. మొదటిది పడవ నిర్మాణము. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తక్కువ ఇంధనముతో నడచునట్లు రూపొందించిన ‘సాగర హరిత’ అను పడవ 2016లో నీట దిగినది. రెండవది సమాచారము. ఇందు మన తెలంగాణమునకును పాలు కలదు. 1999లో హైదరాబాదున నెలకొన్న ఇన్‌కాయిస్, అనగా జాతీయ సముద్ర సమాచార కేంద్రము, ఉపగ్రహముల సాయమున నీటి వేడిమిని, నీటిలోని నాచు జాడను కనిపెట్టి, చేపలు గుమిగూడు తావులను తెలుపుచున్నది. రేడియో కూడ ఆ సూచనలను తీరమునకు చేర్చినది. చేపకై గాలించు కాలము తగ్గినకొలది కాలు చమురును తగ్గును.

చెరువు చేపయు పొగ నెరుగనిది కాదు. చేపపిల్ల లారీలో వచ్చును. చేప మంచులో పోవును. ఊరి చెరువు చేప ఊరి సంతలోనే అమ్ముడైనచో ఆ ఖర్చును కొంత తగ్గును.

రాయితీ చమురును చౌక చేసినది. మంచి పడవ, మంచి సమాచారము చమురుతో పనినే తగ్గించును. రాయితీ సొమ్ములో ఏటేట కొంత ఈ రెంటికిని మరలించుట జాలరికిని, సముద్రమునకును మేలని మా అభిప్రాయము.