ఎక్కాల నుండి సైంటిఫిక్ కాలిక్యులేటర్ దాకా: ఉన్నత పాఠశాల గణితంలో గణన సాధనాలు

వ్యాససంగ్రహం

ఉన్నత పాఠశాల గణిత బోధనలో సైంటిఫిక్ కాలిక్యులేటర్‌కు చోటివ్వాలా వద్దా అన్న వివాదాన్ని సాధారణంగా యంత్రానికీ జ్ఞాపకశక్తికీ మధ్య పోటీగా చూస్తారు. ఆ వివాదాన్ని ఎక్కాలు, జ్యా పట్టికలు, సంవర్గమాన పట్టికలు అనే పూర్వసాధనాల చరిత్రలో ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక్కొక్క సాధనం విద్యార్థికి ఏ పనిని తప్పించింది, ఏ పనిని మిగిల్చింది అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ఎక్కాలు, పావులూరి మల్లన, సంవర్గమానం, త్రికోణమితి, కాలిక్యులేటర్, అంచనా

ఉపోద్ఘాతం

కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పన్నెండవ తరగతి రసాయనశాస్త్ర ప్రశ్నపత్రాలలో, సాధారణ సూచనల చివర, చాలాకాలంగా ఒక సూచన కనిపిస్తూ వచ్చింది. అవసరమైతే లాగ్ పట్టికలు వాడుకోవచ్చు, కాలిక్యులేటర్ వాడరాదు అన్నది దాని సారాంశం. ఈ చిన్న సూచనలో ఒక చారిత్రక వైచిత్రి ఉంది. లాగ్ పట్టిక కూడా గణన సాధనమే. గుణకారాన్ని కూడికగా, వర్గమూలాన్ని సగానికి భాగించడంగా మార్చి శ్రమ తగ్గించడానికే అది పుట్టింది. ఒకటి 17వ శతాబ్దంలో కాగితం మీద తయారైంది, మరొకటి 20వ శతాబ్దంలో సిలికాన్ మీద తయారైంది. మొదటిది చదువులో భాగమైపోయింది. రెండవది ఇంకా పరీక్ష గది గుమ్మం బయటే ఉంది.

ఈ భేదానికి కారణాన్ని గణితంలో కన్నా చరిత్రలో వెతకవలసి ఉంటుంది. ‘అర్థం చేసుకోకుండా ఫలితం రాబట్టడం’ అన్న ఆక్షేపణ కాలిక్యులేటర్‌తో పుట్టినది కాదు. అదే ఆక్షేపణను రెండు వందల ఏళ్ల క్రితం కంఠస్థ విద్య మీద చేశారు.

ఎక్కాలు, పద్యాలు, వీసాలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిగతులపై విచారణ జరిపించాడు. దానికి సమాధానంగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక విద్యాచరిత్రకారులకు సుపరిచితం. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 6,641 మంది చదువుతున్నారని అతడు లెక్క చూపాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు వల్లెవేయడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం అతడు వర్ణించిన బడి స్వరూపం. ఆ చదువులోని పొదుపును అతడు మెచ్చుకున్నాడు. అయితే పిల్లలు అప్పజెప్పే పద్యాల అర్థం వారికి చిలుకకు తెలిసినంత మాత్రమే తెలుసునని కూడా రాశాడు. ఈ చిలుక పోలికను మనం గుర్తుంచుకోవాలి. యంత్రం రాక ముందు చిలుక ఎక్కాల వైపు ఉండేది. యంత్రం వచ్చాక అది మీట నొక్కే వేలి మీదికి ఎగిరి వాలింది.

ఎక్కాలు వట్టి వల్లెవేతేనా అంటే, కాదు. పూర్వపు తెలుగు లెక్క పూర్ణాంకాలతో ఆగదు. వీసం అంటే పదహారో వంతు, కాణి అంటే అరవై నాలుగో వంతు. నాలుగు చేత భాగించుకుంటూ పోయే ఈ భిన్నాలకు తెలుగులో ప్రత్యేక సంజ్ఞలుండేవి. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో వాటికి చోటు కూడా దక్కింది. కరణానికి భూమి శిస్తు, వర్తకునికి ధాన్యం కొలత, ఇంటి ఇల్లాలికి అణాల లెక్క ఈ భిన్నాల మీదే నడిచేవి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలయ్యాక వీసాల లెక్కకు నిత్యవ్యవహారంలో పని తగ్గింది. ఎవరూ నిషేధించకుండానే ఒక గణన విధానం పాఠశాల నుండి తొలగిపోయింది. సాధనం ఆయుష్షును నిర్ణయించేది దాని విద్యావిలువ ఒక్కటే కాదనడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ లేదు.

జ్ఞాపకంలో నిలుపుకోవడానికి పద్యం కూడా సాధనమే. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహం’ను పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లన రాజరాజనరేంద్రుని సమకాలికుడా, తరువాతివాడా అన్న చర్చ సాహిత్యచరిత్రలో ఉన్నదే. ఇక్కడ మనకు కావలసింది మూలంలోని ఒక ముచ్చట. కొన్ని సంఖ్యలను గుణిస్తే లబ్ధంలోని అంకెలు దండలోని పూసల వలె అటునుంచీ ఇటునుంచీ ఒకే తీరుగా వస్తాయి. మహావీరుడు వీటిని కంఠాభరణాలతో పోల్చాడు. 142857143ను 7తో గుణిస్తే వచ్చే 1000000001 అతని ‘రాజకంఠిక’. 139ని 109తో గుణిస్తే 15151. 27994681ని 441తో గుణిస్తే 12345654321. చేతితో గుణించేవానికి ఇది వినోదమే గాక సరిచూపు కూడా. దండ తెగితే లెక్క తప్పినట్లు. శ్రమ పడ్డవానికి తన తప్పును తానే పట్టుకునే వీలు కల్పించిన ఈ బోధనా చాతుర్యం నేటి అభ్యాసాలలో అరుదు.

పట్టికల యుగం

త్రికోణమితిలో పట్టిక లేనిదే పని జరగదు. ఆర్యభటుడు (క్రీ.శ. 499) 24 జ్యాభేదాలను తన అక్షరసంఖ్యా పద్ధతిలో ఒకే పద్యంలో ఇమిడ్చాడు. వ్యాసార్ధం 3438 కళలు. 30 డిగ్రీల జ్య 1719, అంటే సరిగ్గా సగం. సంస్కృతంలోని ‘జ్యా’, ‘జీవా’ శబ్దాలు అరబ్బీలో ‘జిబ’ అయ్యాయి. దానిని ‘జైబ్’గా చదివిన లాటిన్ అనువాదకులు ఒడి, మడత అనే అర్థం గల ‘సైనస్’గా మార్చారు. నేటి కాలిక్యులేటర్ మీది ‘సైన్’ మీట ఆ పొరపాటుకు వారసురాలు. అనువాద చరిత్ర చెప్పే తెలుగు అధ్యాపకులకు గణిత తరగతి నుండి అరువు తెచ్చుకోదగిన ఉదాహరణ ఇది.

జాన్ నేపియర్ 1614లో సంవర్గమానాలను ప్రకటించాడు. హెన్రీ బ్రిగ్స్ వాటిని 10 ఆధారంగా మార్చి 1624లో విస్తృతమైన పట్టికలు ప్రచురించాడు. మూడున్నర శతాబ్దాల పాటు నావికులకు, ఖగోళ శాస్త్రజ్ఞులకు, ఇంజనీర్లకు, చివరకు పాఠశాల విద్యార్థులకు ఇవే ఆధారం. ఈ పట్టిక విద్యార్థి చేత చేయించిన పనిని కాస్త నిదానించి చూడాలి. 2.345ను 6.789తో గుణించాలనుకుందాం. పట్టికలో మొదటిదాని సంవర్గమానం 0.3701, రెండవదానిది 0.8318. మొత్తం 1.2019. ప్రతిసంవర్గమాన పట్టిక దశాంశ భాగమైన 0.2019కి 1592 అనే అంకెలను మాత్రమే ఇస్తుంది. దశాంశ బిందువును ఎక్కడ పెట్టాలో పట్టిక చెప్పదు. మొత్తంలోని పూర్ణాంక భాగం 1ని చూసి, సమాధానం పదికి నూరుకి మధ్య ఉండాలని గ్రహించి, 15.92 అని విద్యార్థే రాయాలి. స్లైడ్‌రూల్‌లోనూ అంతే. అది అంకెలు చూపుతుంది, పరిమాణం చూపదు. అంటే ఈ రెండు సాధనాలూ తమ అసంపూర్ణత వల్లనే విద్యార్థికి అంచనా వేయడం నేర్పాయి. ఆ సంగతి పాఠ్యప్రణాళికలో ఎవరూ లక్ష్యంగా రాయలేదు. పట్టిక పోయిన తరువాత గాని దాని విలువ బోధకులకు తెలిసిరాలేదు.

యంత్రం వచ్చాక

హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1972లో 395 డాలర్లకు అమ్మిన హెచ్‌పి-35 చేతిలో ఇమిడే తొలి సైంటిఫిక్ కాలిక్యులేటర్. ముప్పై అయిదు మీటలున్నందున ఆ పేరు. నాలుగేళ్ల తరువాత టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-30 సుమారు 25 డాలర్లకే దొరికింది. 1970ల నడుమ స్లైడ్‌రూల్ తయారీ దాదాపు ఆగిపోయింది. ఇంత వేగంగా మరే గణన సాధనమూ మరొకదానిని తొలగించలేదు.

యంత్రం లోపల పెద్ద సైన్ పట్టిక ఏదీ దాచి ఉండదు. 1959లో జాక్ వోల్డర్ విమాన నావిగేషన్ కోసం ప్రకటించిన కార్డిక్ అనే పద్ధతి ప్రకారం, కొన్ని కోణాల విలువలను మాత్రమే ఉంచుకొని, కూడికలతో, స్థానాలు జరపడంతో కోరిన కోణాన్ని అంచెలంచెలుగా చేరుకుంటుంది. ఒక జ్య నుండి తరువాతి జ్యకు భేదాన్ని కూడి వెళ్లిన ఆర్యభటుని తీరు ఇక్కడ గుర్తుకు రావడం సహజం. ఇది పోలిక మాత్రమే, మూలసంబంధం కాదు.

యంత్రం తప్పు చేయదన్న నమ్మకానికి మొదటి దెబ్బ మొదటి యంత్రమే కొట్టింది. తొలి హెచ్‌పి-35లలో 2.02కు సహజ సంవర్గమానం కనుక్కొని, తిరిగి ఘాత ప్రమేయం మీట నొక్కితే 2.02 రావలసి ఉండగా 2 వచ్చేది. సంస్థ లోపాన్ని ఒప్పుకొని కొన్నవారికి మార్చి ఇచ్చింది. విలోమ ప్రమేయాలను బోధించేటప్పుడు ఈ ఉదంతాన్ని చెప్పని గణితోపాధ్యాయుడు మంచి అవకాశాన్ని పోగొట్టుకుంటున్నట్లే.

అమెరికా గణితోపాధ్యాయుల జాతీయ మండలి 1980లోనే అన్ని తరగతులలోనూ కాలిక్యులేటర్ల వాడకాన్ని సమర్థించింది. ఇంగ్లండ్‌లో 1982 నాటి కాక్‌క్రాఫ్ట్ నివేదిక దానికి ఒక అధ్యాయమే కేటాయించింది. 1986లో హెంబ్రీ, డెసార్ట్ 79 పరిశోధనలను కలిపి విశ్లేషించారు. సంప్రదాయ బోధనతో పాటు కాలిక్యులేటర్ వాడిన సగటు విద్యార్థుల చేతిలెక్క నైపుణ్యం తగ్గలేదని, పైగా మెరుగుపడిందని వారు తేల్చారు. అయితే నాలుగవ తరగతిలో మాత్రం ఫలితం వ్యతిరేకంగా ఉంది. ఈ మినహాయింపును సమర్థకులు మరచిపోతుంటారు, వ్యతిరేకులు ఇదొక్కటే గుర్తుంచుకుంటారు. 2003లో ఎల్లింగ్టన్ 54 పరిశోధనల విశ్లేషణలో మరొక అంశం బయటపడింది: బోధనలోనూ పరీక్షలోనూ యంత్రం ఉన్నప్పుడే నైపుణ్యాలు స్పష్టంగా పెరిగాయి. అమెరికా కళాశాల ప్రవేశపరీక్ష శాట్ 1994లో కాలిక్యులేటర్‌ను అనుమతించడంతో అక్కడి ఉన్నత పాఠశాలల్లో చర్చ స్వరూపమే మారిపోయింది.

ఐదు కోణాల త్రికోణమితి

మన దగ్గర నిర్ణయం పరీక్ష వైపు నుండే వచ్చింది, కాని వ్యతిరేక దిశలో. ఎంసెట్ గాని, జేఈఈ గాని కాలిక్యులేటర్‌ను అనుమతించలేదు. పరీక్షలో లేనిది తరగతిలో ఉండదు. దాని ప్రభావం పాఠ్యపుస్తకం మీద ఎలా పడిందో పదవ తరగతి త్రికోణమితి అధ్యాయం చూస్తే చాలు. కోణాలు 0, 30, 45, 60, 90 డిగ్రీలు మాత్రమే. దీపస్తంభమైనా, గాలిపటమైనా, గుడి గోపురమైనా ఈ కోణాలలోనే కనిపిస్తుంది. వర్గమూలం 3 విలువను 1.732గా తీసుకోవాలన్న సూచన లెక్కతోనే వస్తుంది. ఊరి గోపురానికి 40 మీటర్ల దూరాన నిలబడి కోణమానినితో కొలిస్తే 37 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఈ పుస్తకం చదివిన పిల్లవాడు ఆ లెక్క చేయలేడు. ట్యాంజెంట్ 37 విలువ 0.7536 అని యంత్రం చెబితే ఎత్తు 30.14 మీటర్లని ఒక్క నిమిషంలో తేలుతుంది. కోణమానినితో కోణాన్ని ఒక డిగ్రీ తేడా లేకుండా కొలవగలిగామా, 14 సెంటీమీటర్ల దాకా రాయడం న్యాయమేనా అన్న అసలైన చర్చ అప్పుడు మొదలవుతుంది. ఆ చర్చ జరగాలంటే ముందు 37 డిగ్రీలు తరగతిలోకి రావాలి.

పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్ కళాశాలలో చేరిన నాడు ఇదే విద్యార్థికి సైంటిఫిక్ కాలిక్యులేటర్ తప్పనిసరి అవుతుంది. వాడకం మాత్రం ఎవరూ నేర్పరు. డిగ్రీల బదులు రేడియన్ల స్థితిలో ఉన్న యంత్రంలో సైన్ 30 కొడితే −0.9880 వస్తుంది. గ్రేడియన్లలో ఉంటే 0.4540. మొదటిది రుణసంఖ్య గనుక అనుమానం పుట్టవచ్చు. రెండవది మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది నమ్మదగిన ముఖంతో వస్తుంది. సైన్ 30 సగమని ఎక్కంలా నోటికి వచ్చినవాడే ఆ ముఖాన్ని పోల్చుకోగలడు. ఎక్కాలనూ యంత్రాన్నీ ప్రత్యర్థులుగా నిలబెట్టిన వాదంలో ఈ చిన్న విషయమే కనబడకుండా పోయింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మీటల మీది ఆంగ్ల సంక్షేపాలు అదనపు అడ్డంకి. సంవర్గమానం అన్న మాట పాఠంలో నేర్చుకున్నా, ‘లాగ్’ మీటను దానితో కలిపి చూపించేవారు లేరు. 2016 నుండి గేట్ పరీక్షలో కంప్యూటర్ తెర మీదనే కాలిక్యులేటర్ ఇస్తున్నారు. అంటే నిషేధానికీ స్వేచ్ఛకూ మధ్య మూడవ దారి ఉందని మన పరీక్షా వ్యవస్థ ఇప్పటికే ఒప్పుకుంది. ఉన్నత పాఠశాల దాకా ఆ దారి ఇంకా రాలేదు.

అది రావడానికి ముందైనా, తరగతిలో ఒక్క యంత్రమున్నా చేయదగిన పాఠం మహావీరుని దండలలో ఉంది. సాధారణంగా సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెర పది అంకెలు చూపుతుంది. 142857143ను 7తో గుణిస్తే రాజకంఠిక పది అంకెలలో చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. 27994681ని 441తో గుణిస్తే మాత్రం తెర మీద 1.234565432, పక్కన 10 ఘాతం 10 అని వస్తుంది. పదకొండవ పూసకు చోటు లేక దండ తెగింది. ఘాతం 10 అంటే ఏమిటో తెలిసినవాడు సమాధానంలో పదకొండు అంకెలున్నాయని చెప్పగలడు. సంవర్గమాన పట్టిక ఒకప్పుడు చేయించిన పని అదే. ఇక మిగిలింది చివరి అంకె. గుణ్యం, గుణకం రెండూ ఒకటితో ముగుస్తున్నాయి గనుక లబ్ధం కూడా ఒకటితోనే ముగియాలి.