ఉప్పునీటి అక్వేరియంలో సూక్ష్మ క్రస్టేషియన్లు

ఇంట్లో పెంచుకునే ఉప్పునీటి అక్వేరియంలో కొని వేసిన చేపలు, పగడాలే కాక, ఎవరూ కొనకుండానే వచ్చి స్థిరపడ్డ చిన్న ప్రాణులు ఎన్నో ఉంటాయి. కంటికి ఆనే వాటిలో ఎక్కువ భాగం రొయ్యలకూ పీతలకూ బంధువులైన క్రస్టేషియన్లు. కోపిపోడ్లు, ఆంఫిపోడ్లు, ఐసోపోడ్లు, మైసిడ్లు, ఆస్ట్రకోడ్లు వీటిలో ముఖ్యమైనవి. అక్వేరియం పెంచేవాళ్లు వీటన్నిటినీ కలిపి ‘పాడ్స్’ అంటారు. కొత్తగా తొట్టి పెట్టినవాళ్లు అద్దం మీద తెల్లటి చుక్కలు పాకడం చూసి నీళ్లు పాడయ్యాయేమోనని కంగారు పడుతుంటారు. నిజానికి తొట్టి కుదురుకుంటోందనడానికి అదే మంచి గుర్తు.

ఇవి చాలావరకు ‘లైవ్ రాక్’తో వస్తాయి. పేరుకు రాయే గానీ అది చచ్చిన పగడాల అస్థిపంజరం. సందులతో, బొరియలతో నిండిన ఆ రాతిలో బాక్టీరియా, నాచు, సముద్రపు పురుగులతో పాటు కోపిపోడ్ల గుడ్లూ పిల్లలూ దాగి ఉంటాయి. పగడపు ముక్కతోనో, నాచు ముద్దతోనో, మరొకరి తొట్టి నుంచి తెచ్చుకున్న గుప్పెడు ఇసుకతోనో కూడా వచ్చి చేరతాయి. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఫిల్టర్ల మీద ఆధారపడకుండా సముద్రపు రాళ్లు, గాలి బుడగలతోనే అక్వేరియం నడిపే పద్ధతిని 1961లో ‘ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్’ పత్రికలో వివరించాడు. రాతితో వచ్చే చిన్న ప్రాణులను ఏరి పారేయకుండా బతకనివ్వడమే మేలన్న ఆలోచనకు ఆ పద్ధతి దారి వేసింది.

కోపిపోడ్లు

సంఖ్యలోనూ ప్రాధాన్యంలోనూ వీటిదే మొదటి స్థానం. ప్రపంచంలో ఇప్పటికి సుమారు 13,000 కోపిపోడ్ జాతులను గుర్తించారు. ఎక్కువ జాతుల పొడవు 0.5 నుంచి 2 మిల్లీమీటర్లు. దీపాలు ఆర్పిన ఓ గంట తర్వాత అద్దానికి టార్చి ఆనించి, భూతద్దంతో చూస్తే వీటి రూపం తెలుస్తుంది. ముందు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నబడే ఒళ్లు, తల ముందు భాగంలో ఎర్రటి చుక్కలా ఒకే ఒక్క కన్ను, రెండుగా చీలిన తోక. ఆడదైతే తోక మొదట్లో గుడ్ల సంచి వేలాడుతుంటుంది. నెమ్మదిగా పాకుతున్నది కాస్తా ఒక్క ఉదుటున మాయమై మరోచోట తేలుతుంది. సెకనుకు తన ఒంటి పొడవుకు కొన్ని వందల రెట్ల వేగంతో ఎగరగలగడం వల్లే ఈ జీవి చేపల నోటికి చిక్కకుండా బతికి బట్టకడుతోంది.

అక్వేరియంలో కనిపించే కోపిపోడ్లు మూడు వర్గాలవి. పొట్టి మీసాలతో రాళ్లనూ అద్దాన్నీ అంటిపెట్టుకుని తిరిగేవి హార్పాక్టికాయిడ్లు. ఒంటి పొడవంత మీసాలతో ఎప్పుడూ నీళ్లలో ఈదేవి కలనాయిడ్లు. ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి సైక్లోపాయిడ్లు. ఇంటి తొట్టిలో తరతరాలుగా నిలదొక్కుకునేవి ప్రధానంగా హార్పాక్టికాయిడ్లే. కలనాయిడ్లు పంపుల్లో, నీటిలోని మురికిని నురగతో తీసేసే స్కిమ్మర్లలో పడి నలిగిపోతాయి. పైగా వాటికి నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు ఎడతెగకుండా అందుతుండాలి.

హార్పాక్టికాయిడ్లలో టిస్బే జాతులు తెల్లగా, చిన్నగా ఉండి రాతి సందుల్లోనే బతుకు వెళ్లదీస్తాయి. వీటికన్నా పెద్దది, నారింజ రంగుతో కంటికి ఇట్టే కనిపించేది టిగ్రియోపస్ కాలిఫోర్నికస్. ఉత్తర అమెరికా పడమటి తీరంలో, అలల తుంపరలతో నిండే రాతి గుంటలు దీని సొంతిల్లు. ఎండకు ఆ గుంటల్లో నీళ్లు ఇగిరి ఉప్పు ముదురుతుంది, వానకు పలచబడుతుంది. ఈ మార్పులన్నిటినీ తట్టుకునే జీవి కాబట్టే సీసాల్లో పెంచి అమ్మడానికి వీలైంది. దీని జత కట్టే తీరు కూడా విచిత్రమైనది. మగది ఇంకా ఎదగని ఆడదాన్ని పట్టుకుని, అది చివరిసారి కుబుసం విడిచేదాకా వదలదు. ఆడది జీవితంలో ఒక్కసారే జతకట్టి, దాచుకున్న వీర్యంతోనే విడతలు విడతలుగా గుడ్లు పెడుతుంది.

గుడ్డు నుంచి వచ్చే పిల్లను నాప్లియస్ అంటారు. అది ఆరు నాప్లియస్ దశలు, ఐదు కోపిపోడైట్ దశలు దాటి పెద్దదవుతుంది. దశ మారినప్పుడల్లా కుబుసం విడుస్తుంది. నీళ్లలో తేలే ఆ పల్చటి పొరలను చూసి పాడ్స్ చచ్చిపోతున్నాయని చాలామంది పొరబడతారు.

మిగతావి

ఆంఫిపోడ్లు పక్కలకు నొక్కినట్టు, వీపు వంగి ఉంటాయి. సాధారణంగా సెంటీమీటరు లోపే. తల్లి పొట్ట కింది సంచిలో గుడ్లు పొదిగి, తన రూపంలోనే ఉన్న పిల్లలను వదులుతుంది. ఇవి మిగిలిపోయిన మేతనూ కుళ్లిన నాచునూ తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి. ఐసోపోడ్ల ఒళ్లు పైనుంచి నొక్కినట్టు ఉంటుంది. మైసిడ్లు చిన్న రొయ్యల్లాగే ఉంటాయి గానీ, తోక కొస రెక్కల్లో సమతూకం చూసుకునే గుండ్రటి అవయవాలు వీటి ప్రత్యేకత. ఆస్ట్రకోడ్లు రెండు చిప్పల మధ్య దాక్కుని తిరుగుతాయి.

చేపలకు మేత

పాడ్స్ విలువ మాండరిన్ చేప విషయంలో బాగా తెలుస్తుంది. సింకిరోపస్ స్ప్లెండిడస్ అనే ఈ పసిఫిక్ చేప అందానికి ముగ్ధులై తెచ్చుకునేవాళ్లు ఎక్కువ, నెలలపాటు బతికించుకోగలిగేవాళ్లు తక్కువ. అది పగలంతా రాళ్ల మీద కోపిపోడ్లను ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. గుళికల మేతను చాలా మాండరిన్లు ముట్టుకోనైనా ముట్టుకోవు. కొత్త తొట్టిలో వేస్తే ఉన్న పాడ్స్‌ను కొద్ది వారాల్లో ఊడ్చేసి, ఆ తర్వాత ఆకలితో చిక్కి చచ్చిపోతుంది. తొట్టి కనీసం ఆరు నెలలైనా ముదరకుండా మాండరిన్‌ను తేవడం ఆ ప్రాణికి అన్యాయం చేయడమే. సముద్ర గుర్రాలకూ ఇదే ఇబ్బంది. వాటికి జీర్ణాశయం లేదు కనుక రోజంతా తింటూనే ఉండాలి.

అందుకే పెద్ద తొట్టికి అనుసంధానించి, చేపలు లేని చిన్న అరను ఏర్పాటు చేస్తారు. దీన్ని రెఫ్యూజియం అంటారు. అందులో కీటోమార్ఫా అనే పీచులాంటి నాచు పెంచితే పాడ్స్ నిశ్చింతగా పిల్లలు పెట్టి, నీటితో పాటు కొద్దికొద్దిగా పెద్ద తొట్టిలోకి చేరుతుంటాయి.

హాని చేసేవి

అన్నీ మంచివే అనుకోకూడదు. టెగాస్టెస్ అక్రోపొరానస్ అనే అర మిల్లీమీటరు కోపిపోడ్ అక్రోపొరా పగడాల మీద చేరి వాటి రంగును, ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సిరోలానిడ్ ఐసోపోడ్లు ఇంకా ప్రమాదకరం. పెద్ద నల్లటి కళ్లతో వేగంగా ఈదుతూ, చేపను కరిచి కడుపు నింపుకుని రాళ్లలోకి పారిపోతాయి. తాకితే బంతిలా ముడుచుకునే ఐసోపోడ్లు మాత్రం సాధారణంగా నిరపాయమైనవి. ఏ పురుగో తేల్చుకోకుండా మందు పోస్తే మంచీచెడూ కలిసి చస్తాయి. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందు పెద్ద తొట్టిలో పోస్తే పాడ్స్ సంతతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చేపను వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయడమే సరైన పని.

తెలుగు తీరంలో

రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో హేచరీలవాళ్లకు ఆర్టీమియా కొత్త కాదు. ఇదీ క్రస్టేషియనే. కానీ చేపలు బతకలేనంత ఉప్పు సరస్సుల్లో పెరిగేది కాబట్టి అక్వేరియంలో చేపల ముందు నిలవలేదు, మేతగా పొదిగించి వేయాల్సిందే. దాని పిల్ల దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. గ్రూపర్ లాంటి చేపపిల్లల తొలి నోటికి అది పట్టదు, అంతకన్నా ఎంతో చిన్నవైన కోపిపోడ్ నాప్లియస్‌లు పడతాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం గ్రూపర్ పిల్లలకు తొలి మేతగా కోపిపోడ్లను పెంచింది.

మన దేశంలో రాతిపగడాలన్నిటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద 2001 నుంచి రక్షణ ఉంది. సముద్ర గుర్రాలకూ అంతే. సముద్రం నుంచి పగడపు రాయిని పెకలించి తేవడం నేరం. పాడ్స్ కావాలనుకునేవాళ్లు సీసాల్లో పెంచినవి కొనుక్కోండి, లేదా స్నేహితుల తొట్టి నుంచి ఓ ముద్ద నాచు అడిగి తెచ్చుకోండి.