పలక చెప్పే చరిత్ర: పశ్చిమ ప్రకాశం, మిశ్రమ మాధ్యమ కళ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు మిశ్రమ మాధ్యమ కళ అంటే ఏమిటో వివరించగలుగుతారు. ఒక వస్తువు తయారైన పదార్థాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు. మార్కాపురం పలక ఆధారంగా మీ ప్రాంత చరిత్రపై ఒక చిన్న కళాకృతిని రూపొందించగలుగుతారు.

ఉపోద్ఘాతం

మీ ఇంట్లో అటక మీద పాత రాతి పలక ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కిందికి దించి, తుడిచి, ఎదురుగా పెట్టుకొని ఈ పాఠం చదవండి. చెక్క చట్రం, నల్లని రాయి, బలపం గీసిన సన్నని గీతలు: అక్షరాభ్యాసం నాడు మనలో చాలామంది ఒడిలో పెట్టుకున్న వస్తువు ఇదే. తెలుగు నేల మీద ఈ పలకలకు పేరుపడిన ఊరు మార్కాపురం.

చరిత్ర విద్యార్థులు సాధారణంగా శాసనాలు, నాణేలు, గ్రంథాలు, దస్తావేజులను ఆధారాలుగా చదువుతారు. వాటి మీద ఏమి రాసి ఉందన్నదే మన ప్రశ్న. ఈ పాఠంలో ప్రశ్న కొంచెం మారుతుంది. రాత తుడిచేసిన తరువాత మిగిలిన రాయి మనకు ఏమి చెబుతుంది?

మిశ్రమ మాధ్యమ కళ అంటే ఏమిటి?

రంగు, కాగితం, గుడ్డ, కర్ర, రాయి వంటి వేర్వేరు పదార్థాలను ఒకే కృతిలో కలిపి వాడితే దాన్ని మిశ్రమ మాధ్యమ కళ లేదా మిక్స్‌డ్ మీడియా అంటారు. ఆధునిక చిత్రకళా చరిత్రలో దీనికి 1912 ఒక మైలురాయి. ఆ ఏడాది పికాసో ఒక చిత్రంలో కుర్చీ అల్లికను అచ్చువేసిన గుడ్డను అతికించి, చుట్టూ తాడును చట్రంగా బిగించాడు. అప్పటినుంచి కొలాజ్ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

అయితే పదార్థాలను కలపడం మనకు కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలో తెల్లపొణికి కర్ర ఉంటుంది, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కు ఉంటుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల గంజి, తెల్లసుద్ద పట్టించి ఆ మీద కులపురాణాలు చిత్రిస్తారు. తోలుబొమ్మలాటలో తోలు, రంగు, దీపపు వెలుగు, పాట కలిస్తేనే బొమ్మకు ప్రాణం వస్తుంది. ఈ పేరు పడమటి నుంచి వచ్చినా పని మాత్రం మన ఇంటి వెనుక ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది.

పొరలు పొరలుగా ఒక ప్రాంతం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఏర్పడిన కొత్త జిల్లాలో కలిశాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. నల్లమల అంచున ఉన్న ఈ నేలలో వేర్వేరు కాలాలు పక్కపక్కనే కనిపిస్తాయి.

త్రిపురాంతకం ఆలయాన్నే తీసుకోండి. అక్కడ కాకతీయ గణపతిదేవుని కాలపు శాసనాలు ఉన్నాయి. రుద్రమదేవి మీద తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడు 1290లో తన విజయాలను చెప్పుకుంటూ వేయించిన శాసనమూ అక్కడిదే. ఏలినవారి మాట, ఎదిరించినవారి మాట ఒకే క్షేత్రంలో నిలిచి ఉన్నాయి. మంచి కొలాజ్ చేసే పని కూడా ఇదే. పొంతన లేని రెండు ముక్కలను పక్కపక్కన నిలిపి, దేన్నీ చెరిపేయకుండా, వాటి మధ్య సంబంధాన్ని ఆలోచించమంటుంది.

కంభం చెరువు మరొక పొర. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్టవేసి నిర్మించిన ఈ చెరువును విజయనగర కాలపు రాణి వరదరాజమ్మ పేరుతో చెప్పుకుంటారు. 2020లో దీనికి అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. రాణి పేరు నిలిచింది. కట్టకు మట్టి మోసిన తట్టల లెక్క మాత్రం ఎక్కడా లేదు.

పలక వెనుక చేతులు

ఇప్పుడు మీ ఎదుట ఉన్న పలక దగ్గరకు వద్దాం. నూరు కోట్ల ఏళ్ళకు పూర్వమే నీటి అడుగున పేరుకున్న బంకమన్ను, భూమి ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. ఉలితో అంచున తడితే ఇది పలుచని రేకులుగా విడిపోతుంది. ఆ గుణమే మార్కాపురానికి పరిశ్రమను తెచ్చింది.

గనిలో రాయి తీయడం, రేకులు విడదీయడం, కొలతకు కోయడం, నునుపు చేయడం, చట్రం బిగించడం. ఇన్ని చేతులు మారితే గాని పలక బడికి చేరదు. ఆ చేతుల్లో పిల్లల చేతులూ ఉండేవి. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులను ప్రారంభించినప్పుడు, మొదటి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమను చేర్చారు. ఒక బిడ్డ అక్షరాలు దిద్దుకొనే పలకను బడికి వెళ్ళని మరో బిడ్డ తయారుచేసింది. ఈ ఒక్క వాక్యం పలక మీద ఎవరూ రాయలేదు. కానీ పలక అంతా అదే ఉంది.

రాతి ధూళి సంగతీ మరువకూడదు. పలకరాయిని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. తరువాతి కాలంలో కాగితపు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకల గిరాకీ తగ్గింది. అదే రాయి నేడు గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా దూరదేశాలకు కూడా వెళుతోంది.

కృత్యం: ఒక పలక, ఒక ప్రశ్న

మొదట ప్రశ్న ఎంచుకోండి, పదార్థం తరువాత. ఉదాహరణకు: ‘ఈ పలకను ఎవరు చేశారు?’ ఇంట్లో, వీధిలో పెద్దలను అడిగి వారి మాటలు తేదీతో సహా రాసుకోండి. పేరు వాడాలంటే వారి అనుమతి తీసుకోండి.

పాత పలకనే ఆధారంగా పెట్టుకోండి. చట్రం విరిగి ఉంటే అలాగే ఉంచండి. అదీ చరిత్రే. కాగితం, గుడ్డ అతికించడానికి చింతగింజల జిగురు చాలు. రాతి ముక్కలకు గట్టి జిగురు కావాలి. రాయిని అరగదీయవలసి వస్తే నీటితో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకొని ఆరుబయట చేయండి. ఎవరి ఊపిరి గురించి కృతి చేస్తున్నారో ఆ పాఠం మీ ఊపిరికీ వర్తిస్తుంది. బలపంతో రాసిన భాగాన్ని వార్నిష్‌తో స్థిరపరచకండి. చెరిగిపోవడం దాని స్వభావం, దాని అర్థం కూడా.

ఒక హెచ్చరిక. పాత గుళ్ళ నుంచి, దిబ్బల నుంచి చిన్న పెంకు కూడా తేవద్దు. దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి చోరీ అయిన ఒక సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి, 2016లో గాని భారతదేశానికి తిరిగి రాలేదు. చోటు తప్పిన వస్తువు సగం సాక్ష్యం పోగొట్టుకుంటుంది. శాసనం కావాలంటే అచ్చయిన ప్రతి నుంచి చేతితో రాసుకోండి.

చాలా ఏళ్ళ క్రితం ఒక కౌన్సెలింగ్ తరగతికి ఒక విద్యార్థిని తన కృతి తెచ్చింది. పలక మీద అక్షరం లేదు. జిగురు పూసి, దానిపై తడిపిన రాతిపొడితో తన తల్లి అరచేతి ముద్ర వేయించింది. ఆమె చిన్నతనంలో పలకలకు చట్రాలు బిగించేదట. ‘అమ్మ సంతకం పెట్టలేదు సార్, అందుకని చెయ్యి పెట్టించాను’ అంది. ఆ రోజు నేను చెప్పదలచుకొన్న పాఠాన్ని పక్కన పెట్టేశాను.

సారాంశం

మిశ్రమ మాధ్యమ కళలో పదార్థం అలంకారం కాదు, సాక్ష్యం. త్రిపురాంతకం శాసనాల్లో మాట్లాడినవారు రాజులు, సామంతులు. కంభం కట్టలో, మార్కాపురం పలకలో పనిచేసినవారు పేరు లేకుండా ఉండిపోయారు. వారిని చరిత్రలోకి తీసుకురావడానికి రాతప్రతి లేనిచోట వస్తువును చదవడం నేర్చుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కొలాజ్ పద్ధతికీ, పరస్పర విరుద్ధమైన ఆధారాలను పరిశీలించే చరిత్రకారుని పద్ధతికీ గల పోలికను త్రిపురాంతకం ఉదాహరణతో వివరించండి.

2. మార్కాపురం పలక ఏయే విధాలుగా చారిత్రక ఆధారం అవుతుంది?

3. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును ఎంచుకొని, దాన్ని చేసిన చేతుల గురించి పది వాక్యాలు రాయండి.