పరిశోధక విద్యను ఎక్కడి నుంచి చూడాలి? – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యం

పీహెచ్‌డీ చదువునే పరిశోధనాంశంగా చేసుకున్న ఆచార్యులు సాధారణంగా సీటు దొరికిన విద్యార్థి దగ్గరే మొదలుపెడతారు. బెర్నార్డ్ బెరెల్సన్ 1960లో అమెరికా ఉన్నత పట్టాల చదువుపై గ్రంథం వెలువరించిన నాటి నుంచి ఈ రంగాన్ని నడిపించినవి ప్రధానంగా రెండు ప్రశ్నలు: పట్టా చేతికందడానికి ఎన్నేళ్లు పడుతోంది, మధ్యలో ఎందరు మానేస్తున్నారు. మానేయడానికి కారణం విద్యార్థి అసమర్థత కన్నా విభాగాల పనితీరేనని 2001లో బార్బరా లోవిట్స్ వాదించారు. నిందను విద్యార్థి మీద నుంచి వ్యవస్థ మీదికి మళ్లించిన ఆ వాదం ఎంతో విలువైనది. అయినా అదీ సీటు దొరికినవారి గురించే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి మన పట్టణాల్లో అసలు వడపోత అంతకు చాలా ముందే, డిగ్రీకీ పీజీకీ నడుమనే మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ పరిశోధక విద్యను అధ్యయనం చేసేవారు విశ్వవిద్యాలయ విభాగం నుంచి కాక, విద్యార్థి బయలుదేరే ఊరి నుంచి మొదలుపెట్టాలి.

ఈ ప్రాంతపు విద్యాపటం చూస్తే సంగతి తెలుస్తుంది. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రంగా మొదలైన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో స్వతంత్రమైంది. అదే ఏడాది పుట్టపర్తిలో సత్యసాయి సంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. 2008లో జేఎన్‌టీయూ, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండూ అనంతపురానికే వచ్చాయి. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్లకు పైనే. బెంగళూరు దాదాపు అంతే దూరమైనా అది వేరే రాష్ట్రం, వేరే ప్రవేశ పద్ధతి. మరోవైపు పరిశోధనకు కావలసిన సామగ్రి అంతా ఈ ఊళ్ల చుట్టూనే ఉంది. హిందూపురం పక్కన లేపాక్షి శాసనాలు, కుడ్యచిత్రాలు; 1565 తర్వాత విజయనగర రాజధానిగా నిలిచిన పెనుకొండ కోట; ధర్మవరం పట్టు మగ్గాలు. పడుగు, పేకల లెక్క పుట్టుకతో తెలిసిన ఇంటి అమ్మాయి ఎక్కడినుంచో వచ్చిన పరిశోధకుడికి వివరాలు చెప్పే మనిషిగా మిగిలిపోతోంది. సిద్ధాంత గ్రంథం మీద ఆమె పేరు ఉండదు. మనం మొదట కొలవవలసిన నష్టం ఇదే.

మూడు చిన్న పట్టణాల నుంచి సాధారణ సిద్ధాంతం పుడుతుందా అన్నది సహజమైన ఆక్షేపణ. తెలుగువారైన విద్యా ఆర్థికవేత్త జంధ్యాల బి. జి. తిలక్ పశ్చిమ గోదావరి జిల్లా వివరాల ఆధారంగానే విద్యలో అసమానతల ఆర్థికశాస్త్రంపై 1987లో గ్రంథం తెచ్చారు. ప్రశ్న పదునుగా ఉంటే ఒక్క జిల్లా చాలునని ఆ కృషి చూపింది.

రెండో ఆక్షేపణ బలమైనది. ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతున్నాయి, 2022 యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతించాయి, ఇక దూరం ఎక్కడిది అంటారు. నిజమే, ఉద్యోగంలో ఉన్న అధ్యాపకుడికి ఇది పెద్ద ఊరట. కానీ పార్ట్‌టైమ్ అభ్యర్థి తాను పనిచేసే సంస్థ నుంచి అనుమతి పత్రం తేవాలి. సొంత మగ్గం మీద నేసేవారికి ఆ పత్రం ఎవరిస్తారు? గ్రంథం తెరమీద దొరికినంత మాత్రాన మార్గదర్శకుడు దొరకడు: ఆచార్యుడికి ఎనిమిది మంది, సహాచార్యుడికి ఆరుగురు, సహాయాచార్యుడికి నలుగురు అన్న పరిమితి ఉండనే ఉంది. అయితే అవే నిబంధనలు, అర్హులైన పర్యవేక్షకులూ వసతులూ ఉంటే, పీజీ లేదా నాలుగేళ్ల డిగ్రీ నడిపే కళాశాలలకూ పీహెచ్‌డీ అవకాశం ఇచ్చాయి. దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయన్న భయానికి ఆధారం తక్కువ. గ్రంథాన్ని మార్గదర్శకుడితో పాటు బయటి నిపుణులూ ఎలాగూ పరీక్షిస్తారు.

వడపోత ఎక్కడ జరుగుతోందో కొలవాలంటే ఈ మూడు పట్టణాల్లో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక తరగతిని పదేళ్లపాటు వెంబడించే అధ్యయనం కావాలి. పీజీకి ఎవరు వెళ్లారు, ఏ ప్రవేశ పరీక్ష దగ్గర ఆగారు, మార్గదర్శకుడు దొరకక ఎవరు వెనుదిరిగారు, మగ్గం దగ్గరికో పెనుకొండ కార్ల కర్మాగారంలోకో ఎవరు వెళ్లారు అన్నవి అందులో పేరుపేరునా నమోదు కావాలి.