కుందేలు ప్రతిరక్షకాలు, హిస్టోప్లాస్మా పరీక్ష: ఒక పొరపాటు చరిత్ర

1978-79లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో హిస్టోప్లాస్మోసిస్ అనే శిలీంధ్రవ్యాధి ప్రబలింది. లక్షమందికి పైగా సోకి ఉంటుందని నాటి అంచనా. ఒహాయో, మిసిసిపీ నదీలోయల్లో, ముఖ్యంగా పక్షుల, గబ్బిలాల రెట్టలు కలిసిన మట్టిలో పెరిగే ఈ శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి గుర్తించడానికి వారాలు పట్టేది. వ్యాధి శరీరమంతా పాకిన రోగికి అంత వ్యవధి ఉండదు. శిలీంధ్ర ప్రతిజనకాన్ని మూత్రంలో, రక్తంలో నేరుగా పట్టుకొనే పరీక్షను ఎల్. జోసెఫ్ వీట్ బృందం అదే నగరం నుంచి 1986లో ప్రకటించింది.

ఆ పరీక్షలో వాడిన ప్రతిరక్షకాలు కుందేళ్ల నుంచి తీసినవి. అడుగున ఉన్న ప్రతిరక్షకం ప్రతిజనకాన్ని పట్టి ఉంచుతుంది. రెండవ ప్రతిరక్షకం పైనుంచి దానికి అతుక్కొని సంకేతమిస్తుంది. రెంటినీ కలిపేది ఏదో ఒకటి నడుమ ఉండాలి. అది శిలీంధ్రమే కానక్కరలేదన్న సంగతి అవయవ మార్పిడి రోగుల విషయంలో బయటపడింది.

మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ మందును కూడా కుందేళ్ల నుంచే తయారుచేస్తారు. అది తీసుకున్న కొందరిలో కుందేలు ప్రోటీన్లకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుడతాయి. ఇవే పరీక్షలోని రెండు కుందేలు ప్రతిరక్షకాల నడుమ వంతెనగా నిలుస్తాయి. శిలీంధ్రం లేకున్నా ఫలితం పాజిటివ్. ఈ కారణాన్ని వీట్ బృందమే 2004లో ప్రచురించింది. తమ పరీక్షలోని లోపాన్ని తామే వెలికితీసి చెప్పడం గమనించదగినది. 'తప్పుడు పాజిటివ్' అన్న మాట కూడా ఇక్కడ పూర్తిగా ఒదగదు. రక్తంలో వంతెన నిజంగానే ఉంది. దానికి చెప్పుకున్న అర్థమే తప్పు.

దీన్ని కేవలం సాంకేతిక లోపంగా కొట్టిపారేయలేం. ఫలితాన్ని నమ్మి ఆంఫోటెరిసిన్-బి ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అజోల్ మందులు టాక్రోలిమస్ స్థాయిని పెంచుతాయి. రోగనిరోధకతను అణచే మందులు తగ్గిస్తే కొత్త అవయవానికే ముప్పు. నమ్మకపోతే, నిజంగా వ్యాధి ఉన్న రోగి ప్రాణానికే ప్రమాదం.

దాదాపు అదే కాలంలో ఆస్పర్‌జిల్లస్ గాలక్టోమన్నన్ పరీక్షకూ ఇలాంటి చిక్కే ఎదురైంది. అక్కడ అనుమానం పిపరాసిలిన్-టాజోబాక్టమ్ మీద పడింది. పెన్సిలియం బూజు కిణ్వనంతో మొదలయ్యే ఆ మందులో శిలీంధ్రపు ఆనవాళ్లు మిగిలి ఉండటమే కారణమని భావించారు.

రెండవ తరం హిస్టోప్లాస్మా పరీక్షలో కుందేలు ప్రతిరక్షకాల అడ్డు గణనీయంగా తగ్గిందని 2007లో వీట్ బృందం వెల్లడించింది. అంతకుముందు వచ్చిన పాజిటివ్ ఫలితాలను నేడు చదివేటప్పుడు, ఆ రోగికి అప్పటికే యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ ఇచ్చారా అన్నది ముందుగా చూడవలసి ఉంటుంది.