బందరు కోట ముట్టడి (1759): పూసపాటి ఆనందరాజు పాత్ర

1759 ఏప్రిల్ 7 రాత్రి ఈస్టిండియా కంపెనీ సేనలు ఫ్రెంచివారి బందరు కోటను పట్టుకున్న ఘటనను ఓర్మ్ మొదలుకొని ఆంగ్ల చరిత్రకారులు కర్నల్ ఫోర్డ్ సాహసగాథగా చిత్రించారు. అందులో విజయనగర ప్రభువు పూసపాటి ఆనందరాజుకు దక్కినది పిరికివాడు, డబ్బు దగ్గర వెనకాడేవాడు అన్న పేరు. ఆ కథనాలలోని వివరాలే ఈ తీర్పుకు నిలవవు.

ఫోర్డ్‌ను బెంగాల్ నుండి క్లైవ్ పంపినది ఆనందరాజు ఆహ్వానం మీదనే. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కాన్‌ఫ్లాన్ ఓడి బందరు చేరాడు. మార్చి 6న ఫోర్డ్ కోట ముందుకు వచ్చాడు. చుట్టూ చిత్తడి, ఒక వైపు ఉప్పుటేరు. నేలమీద చేరడానికి ఒకే గట్టుబాట. నెల గడిచేసరికి జీతాలందక తెల్ల సైనికులే తిరగబడ్డారు, మందుగుండు అడుగంటింది. సలాబత్ జంగ్ సైన్యం బెజవాడ చేరింది, రాజమహేంద్రవరం తిరిగి ఫ్రెంచివారి వశమైంది. ఆనందరాజు ఒక రాత్రి తన సేనతో తరలిపోయినది ఈ స్థితిలోనే. ఓడితే ఇంగ్లీషువారికి ఓడలున్నాయి; అతనికి ఉన్నది గోదావరి దాటవలసిన దారి ఒక్కటే. దీనిని పిరికితనమనడం కంటే జమీందారు లెక్క అనడం సబబు. వెనుదిరిగితే నిజాం అశ్వదళానికీ ఫ్రెంచి పటాలానికీ మధ్య చిక్కుతావని ఫోర్డ్ నచ్చజెప్పగా అతడు తిరిగి వచ్చాడు.

ఆ రాకకు విలువ దాడి రాత్రి తెలిసింది. నైరుతి చిత్తడిలో నాక్స్ సిపాయిలు, గట్టుబాట వైపు ప్రధాన ద్వారం వద్ద ఆనందరాజు మనుషులు ఉత్తుత్తి దాడులు సాగించారు. కాన్‌ఫ్లాన్ ఏ దిక్కుకు బలగాన్ని పంపాలో తేల్చుకోలేకపోయాడు. అసలు దళం పోటు తీసిన వేళ బురదలో నడిచి ఈశాన్యపు కెమీలియన్ బురుజు ఎక్కింది. తెల్లవారేసరికి తమకంటే పెద్ద సైన్యం వారికి లొంగింది. కంపెనీ పక్షాన 22 మంది ఐరోపావారు, 50 మంది సిపాయిలు చనిపోయారని లెక్క. మొదటివారిలో అధికారుల పేర్లు నిలిచాయి. సిపాయిల పేర్లు ఈ కథనాలకు ఎక్కలేదు. బెంగాల్‌లో సిపాయిలను ఆ కాలాన ‘తిలంగాలు’ అని పిలిచేవారన్నది ఇక్కడ గుర్తుకు వస్తుంది.

మే 14న సలాబత్ జంగ్ ఒడంబడిక చేసుకొని బందరు, నిజాంపట్నం సర్కారులను, కొండవీటి ప్రాంతాన్ని కంపెనీకి ఇనాముగా ఇచ్చాడు. కృష్ణకు దక్షిణాన కంపెనీ ఇలా అడుగుపెట్టినా, గుంటూరు సర్కారు మాత్రం బసాలత్ జంగ్ చేతిలో చాలాకాలం నిలిచి, అతని మరణానంతరం 1788లో గాని దాని వశం కాలేదు.