వలకి వెల ఎంత?

పాత ఫిషింగ్ రీలుకి ధర కట్టడం నిజానికి డేటా సమస్య. తయారీదారు పేరు, మోడల్, సైజు, అసలు పూత ఎంత మిగిలింది, పెట్టె ఉందా... ఇవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తళతళలాడేలా తోమితే విలువ పడిపోతుంది. అమ్మేవాళ్ళు అడిగే ధర కాకుండా వేలంలో నిజంగా పలికిన ధర చూడాలి. ఇంగ్లండ్‌లో ఆల్నిక్ అనే ఊళ్ళో 1872లో మొదలైన హార్డీ బ్రదర్స్ వారి పాత 'పర్ఫెక్ట్' రీలు అయితే కొనేవాళ్ళు పోటీ పడతారు.

దివిసీమలో మా తాతయ్య వదిలివెళ్ళిన సామానులో ఇత్తడి రీలు ఒకటి, సీసం గుళ్ళు కట్టిన నూలు విసురువల ఒకటి ఉన్నాయి. రీలు మీద ఏ పేరూ లేదు, అయినా దాన్ని దేనితో పోల్చాలో తెలుసు. వల గురించి ఎంత వెతికినా పోల్చడానికే ఏమీ దొరకలేదు.

గాలం వెయ్యడం దొరలకి ఆట. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే అధికారి 1873లోనే 'ది రాడ్ ఇన్ ఇండియా' అని పుస్తకం వేశాడు. ఆటకి పుస్తకాలు, సరుకుకి క్యాటలాగులు వచ్చాయి. ఈనాటి కలెక్టర్లు నిలబడింది వాటిమీదే. మన వలల్ని ఎవరూ పట్టించుకోలేదని కాదు. ప్రెసిడెన్సీ మత్స్యశాఖ డైరెక్టర్‌గా చేసిన జేమ్స్ హార్నెల్ ఇక్కడి చేపలవేట పద్ధతుల మీద వివరంగా రాశాడు. ఆయన రాసింది వలల రకాల గురించి. ఏ వల ఎవరి చేతిదో అందులో దొరకదు.

బందరునే చూడండి. ఊరి పేరులో చేప వినిపిస్తుంది, పేరు తెచ్చింది మాత్రం అద్దకం బట్ట. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కొట్టు పెట్టింది. ఓడెక్కిన బట్టకి చిట్టా ఉంది, కొన్నవాళ్ళు దాచుకున్నారు, ఇప్పుడు లండన్ మ్యూజియంలో కోరమాండల్ చింట్జ్ అని అద్దాల వెనక ఉంది. అదే నూలుతో అల్లిన వల బెరడు కషాయంలో నాని, ఎండలో ఆరి, నాలుగు సీజన్లకి చివికిపోయేది. తర్వాత నైలాన్ వచ్చింది. మిగిలిన పాత సామానులో ఎంతో 1977 నవంబర్ 19 ఉప్పెన పట్టుకుపోయింది. ఆ రాత్రి పోయిన మనుషుల లెక్కే పదివేల దాకా ఉంటే, వలల లెక్క ఎవరు రాస్తారు?

అంచేత దివిసీమలో పాత నూలు వల అరుదే. అరుదైనంత మాత్రాన ధర రాదు. వెనక ఒక చరిత్ర రాసి ఉండాలి. గుడివాడలోనో నాగాయలంకలోనో మీ ఇంట్లో అలాంటి వల ఉంటే, అమ్మే ముందు ఒక కాగితం రాసిపెట్టండి: ఎవరు అల్లారు, ఏ కాలవలో విసిరారు, ఏం పడేవి, కన్ను ఎన్ని వేళ్ళు. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగండి. మా వలతో ఉన్న కాగితంలో మొదటి లైను అమ్మ చెప్పింది: "నాన్నే అల్లాడు, సాయంత్రాలు, అరుగు మీద కూర్చుని."